రూపం మార్చే యంత్రాలు: బనూ మూసా నుండి అల్ జజరీ వరకు

విప్పుకొని, ముడుచుకొని, చూస్తుండగానే రూపం మార్చుకొనే బొమ్మ పిల్లలకే కాదు, పెద్దలకూ వింతే. అట్టి వింతలను కల్పించే విద్యకు అరబ్బులు ‘ఇల్ముల్ హియల్’ అని పేరు పెట్టారు. ‘హీలా’ అంటే ఉపాయం. ‘హియల్’ దాని బహువచనం. ఇది కేవలం రాజాస్థానాల కాలక్షేపమని తేలికగా తీసివేసేవారు లేకపోలేదు. ఆ అభిప్రాయం ఎంతవరకు సమంజసమో పరిశీలిద్దాం.

క్రీ.శ. 9వ శతాబ్దంలో బాగ్దాదులో మూసా బిన్ షాకిర్ కుమారులు ముహమ్మద్, అహ్మద్, హసన్ అనే ముగ్గురు సోదరులు ప్రసిద్ధులు. వీరినే ‘బనూ మూసా’ అంటారు. వీరి ‘కితాబుల్ హియల్’ ఇంచుమించు నూరు పరికరాలను వర్ణిస్తుంది. వాటిలో చాలవరకు వినోద పాత్రలే. అయితే నీటి అడుగున పడిన వస్తువులను పైకి తీసే సాధనం కూడా అందులోనే ఉంది. కీలుతో కలిపిన రెండు అర్ధభాగాలు నోరు తెరచి నీటిలోకి దిగుతాయి. గొలుసు లాగగానే మూసుకొని వస్తువును పట్టుకొంటాయి. బొమ్మను ఆడించే కీలే ఇక్కడ పనిముట్టు అయింది.

వీరు కల్పించిన మరొక వింత రూపం మార్చే ఫౌంటెను. నీరు ఒకసారి ఒక ఆకృతిలో, మరొకసారి వేరొక ఆకృతిలో చిమ్ముతుంది. గాలితోనో, నీటితోనో తిరిగే రెక్కల చక్రం ఈ మార్పును నడిపేది.

సుమారు మూడున్నర శతాబ్దాల తరువాత దియార్ బకర్ లోని అర్తుఖీ పాలకుల కొలువులో ఇస్మాయీల్ బిన్ రజ్జాజ్ అల్ జజరీ అనే యంత్ర నిర్మాత ఉండేవాడు. పాలకుడైన నాసిరుద్దీన్ మహమూద్ కోరికపై ఆయన 1206లో తన గ్రంథాన్ని పూర్తిచేశాడు. గడియారాలు, పాత్రలు, ఫౌంటెనులు, నీరు తోడే యంత్రాలు మొదలైన 50 నిర్మాణాలు అందులో ఉన్నాయి.

ఫౌంటెనుల ప్రకరణంలో అల్ జజరీ బనూ మూసాను స్మరించి, వారిపై అల్లాహ్ కారుణ్యాన్ని కోరుతాడు. ఆ వెంటనే వారి పద్ధతిలోని లోపాన్ని కూడా చెబుతాడు. చక్రం తిరిగిన ప్రతిసారీ ఆకృతి మారిపోతే ఆ వ్యవధి చాలదు. మార్పు చూపరుల కంటికి పూర్తిగా ఆనదు. అందుచేత ఆయన చక్రాన్ని విడిచి తొట్టిని ఎన్నుకొన్నాడు. సన్నని రంధ్రం గుండా నీరు తొట్టిలోకి మెల్లగా చేరుతుంది. నిండిన తొట్టి ఒరిగి, నీటి గొట్టాన్ని రెండవ వైపుకు త్రోస్తుంది. అప్పటి నుండి ఫౌంటెను వేరొక ఆకృతిలో చిమ్ముతుంది. కదలికను కల్పించడం ఒక సమస్య అయితే, ఆ కదలికకు తగిన కాలాన్ని నిర్ణయించడం అంతకంటె సూక్ష్మమైన సమస్య అని ఆయన గ్రహించాడు.

ఆయన కోట గడియారంలోనూ ఇదే నేర్పు కనబడుతుంది. గంట పూర్తికాగానే పైవరుసలో ఒక తలుపు తెరచుకొని బొమ్మ కనబడుతుంది. క్రింది తలుపు తిరగబడి వేరొక రంగు చూపుతుంది. రెండు డేగలు ముందుకు వంగి, రెక్కలు చాచి, ముక్కుల నుండి లోహపు గుండ్లను జారవిడుస్తాయి. సమమైన వేగంతో దిగే నీటితేలు ఒక చిన్న బండిని లాగుతూ ఈ తలుపులన్నిటినీ వరుసగా నడిపిస్తుంది.

అల్ జజరీ తన పనిని రహస్యంగా దాచుకోలేదు. నమూనాలను ముందు కాగితంతో చేసి చూడడం, వంకర పోకుండా చెక్కపలకలను పొరలుగా అతికించడం, చక్రాల బరువును సరితూచడం వంటి పద్ధతులను వివరించాడు. పటాలలోని భాగాలకు అక్షరాలు వేసి చూపాడు. ఆయన గ్రంథాన్ని డొనాల్డ్ హిల్ 1974లో ఆంగ్లంలోకి అనువదించగా, 1976లో లండన్ సైన్స్ మ్యూజియంలో కోట గడియారాన్ని తిరిగి నిర్మించారు. నిర్మాత మరణించిన ఏడున్నర శతాబ్దాలకు కూడా అతని వ్రాత మరొకరి చేతిలో యంత్రం కాగలిగింది.

వినోదం కోసం పుట్టిన ఈ విద్య కాలక్షేపంతో ఆగిపోలేదని దీనివల్ల స్పష్టమవుతున్నది. పూర్వీకులను గౌరవిస్తూనే వారి పొరపాటును సరిదిద్దడం, తన పనిని రాబోయేవారు సరిదిద్దగలిగేటట్లు వివరంగా వ్రాసి ఉంచడం నిజమైన పాండిత్య లక్షణం. ఆ లక్షణానికి నీరు చిమ్మే ఒక ఆటవస్తువు సాక్ష్యమిస్తున్నది.