పసుపు నీళ్ళ కథ: గ్లాస్గో నుంచి రాణిపేట దాకా

పోయిన వారం మన గ్రూపులో ఒకరు రాణిపేట క్రోమియం గుట్ట ఫోటో పెట్టారు. దాని కింద ఇంకొకరు "పాపం, ఆ రోజుల్లో ఇది విషమని ఎవరికి తెలుసు?" అని రాశారు. రెండు వరుసల్లో జవాబు చెప్పే సంగతి కాదు కాబట్టి విడిగా రాస్తున్నాను. కాస్త పొడుగు, ఓపికగా చదవండి.

తెలుసు. ఆ ఫ్యాక్టరీ పుట్టడానికి దాదాపు నూట యాభై ఏళ్ళ ముందే తెలుసు.

క్రోమియంను 1797లో పారిస్‌లో వోక్లాన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు, సైబీరియా గని నుంచి వచ్చిన ఎర్ర సీసపు రాయిలో. దాని లవణాలు ఒక్కొక్కటి ఒక్కో రంగులో ఉంటాయి. అందుకే గ్రీకులో రంగు అనే మాట తీసి పేరు పెట్టారు. మరకతంలో పచ్చదనం, కెంపులో ఎరుపు కూడా దీని చలవే.

రంగుల సరుకు అద్దకం వాళ్ళ చేతికి రాకుండా ఉంటుందా? నూలును సీసపు లవణంలో ముంచి తర్వాత బైక్రోమేట్ నీళ్ళలో వేస్తే గుడ్డ మీదే మెరిసే పసుపు పడుతుంది. దాన్నే వేడి సున్నపు నీళ్ళలో తిప్పితే నారింజ. నీలిమందు అద్దిన గుడ్డ మీద క్రోమేట్‌తో పువ్వు అచ్చు వేసి ఆమ్లంలో ముంచితే, అచ్చు పడిన చోట నీలం పోయి తెల్ల పువ్వు తేలుతుంది. మనవాళ్ళు ఎరిగిన కాచు (అరవంలో కాసుక్కట్టి) రంగు బైక్రోమేట్ తగిలితే ముదురు గోధుమ రంగై గట్టిగా నిలుస్తుంది. ఉన్నికి పటిక బదులు క్రోమ్ పెట్టి అద్దడం పెద్ద వ్యాపారమే అయింది. ఇనుము, క్రోమియం లవణాలు కలిపి నూలు మీద దించే ఒక రకం ఖాకీ ఉంది. అది ఎండకూ పోదు, ఉతుక్కూ పోదు. రైల్వేలో ఖాకీ చూడకుండా ఒక్క రోజైనా గడిచిందా నాకు! మేము స్టోర్స్‌లో లెక్క రాసుకున్న వంతెనల ప్రైమర్ డబ్బాల్లో కూడా జింక్ క్రోమేటే ఉండేది.

ఇక్కడ ఒక తేడా చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. నేను చదివింది తమిళ మీడియం. మా సైన్సు మాస్టారు అమ్మోనియం డైక్రోమేట్ అనే నారింజ పొడిని కుప్ప పోసి నిప్పు పెట్టేవారు. అది నిప్పురవ్వలు చిమ్ముతూ పచ్చ బూడిదగా పొంగేది. "ఎరిమలై" అని అరిచేవాళ్ళం, అంటే అగ్నిపర్వతం. ఆ నారింజది ఆరో రకం క్రోమియం, హెక్సావేలెంట్. పచ్చది మూడో రకం, ట్రైవేలెంట్. మూడోది నీళ్ళలో అంతగా కదలదు, ఒంట్లోకి తేలిగ్గా దిగదు. ఆరోది నీళ్ళలో కరిగి ఎంత దూరమైనా పోతుంది. చర్మాన్ని, ముక్కును తింటుంది. దాని దుమ్ము ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుంది. లోహం ఒకటే, గుణం వేరు. ఈ తేడా చెప్పకుండా "క్రోమియం మంచిదే" అనేవాళ్ళూ, "క్రోమియం అంతా విషమే" అనేవాళ్ళూ ఇద్దరూ జనాన్ని తికమక పెడుతున్నారు.

1827లో గ్లాస్గోలో క్యూమిన్ అనే వైద్యుడు ఒక వ్యాసం రాశాడు. బైక్రోమేట్‌తో పనిచేసేవాళ్ళ చేతుల మీద లోతుగా దిగి మానని పుళ్ళు పడుతున్నాయని అందులో ఉంది. విచిత్రమేమంటే అదే వ్యాసంలో మన జిల్లేడు మందు గుణాల గురించి కూడా రాశాడు! ఆ ఊరి పక్కన రూథర్‌గ్లెన్‌లో వైట్ కంపెనీ క్రోమ్ ఫ్యాక్టరీ ఉండేది. అక్కడి కూలీల ముక్కులో నడిమి గోడకు చిల్లు పడేది. 1899లో కీర్ హార్డీ అనే కార్మిక నాయకుడు ఆ ఫ్యాక్టరీ యజమాని లార్డ్ ఓవర్‌టౌన్ మీద కరపత్రాలు వేశాడు. రోజుకు పన్నెండు గంటలు, ఆదివారం కూడా సెలవు లేదు. యజమాని మాత్రం ఆదివారం పని చేయకూడదని ప్రచారం చేసే భక్తుడు, పెద్ద దాత. ఆ ఫ్యాక్టరీ మూతపడి యాభై ఏళ్ళు దాటినా పక్కన ఉన్న వాగులో నీళ్ళు మొన్న మొన్నటి దాకా రంగు మారుతూనే ఉన్నాయి.

ఇప్పుడు మన వైపు వద్దాం. మద్రాసు తోలుకు పేరు తెచ్చింది తంగేడు చెక్క, అరవంలో ఆవారం. తోలు పదునెక్కడానికి వారాలు పట్టేది. 1903 ప్రాంతంలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసులో క్రోమ్ పద్ధతి మొదలుపెట్టించాడు. మోట బానలకు నీళ్ళలో నానినా చెడని తోలు కావాలని ఆయన ఆలోచన, అది మంచి ఆలోచనే. క్రోమ్‌తో వారాల పని ఒకటి రెండు రోజుల్లో తేలిపోతుంది. తంగేడు రోజులే బంగారం అని నేననను. ఆ తొట్ల కంపు, ఆ కూలి బతుకు తెలిసినవాళ్ళు ఆ మాట అనరు.

తోలు షాపుల్లో వాడేది మూడో రకం క్రోమియం సల్ఫేట్. కానీ దాన్ని తయారు చేయాలంటే ముందు ఆరో రకం గుండా పోవాలి. ముడి రాయిని సోడా, సున్నంతో కొలిమిలో కాల్చి, నీళ్ళతో కడిగి, పసుపు క్రోమేట్ తీస్తారు. కడగ్గా మిగిలిన మడ్డిలో కొంత విషం ఉండిపోతుంది. రాణిపేటలో తమిళనాడు క్రోమేట్స్ అండ్ కెమికల్స్ ఫ్యాక్టరీ 1970ల నుంచి 1990ల దాకా నడిచింది. మూసినప్పుడు వదిలిపోయిన మడ్డి రెండు లక్షల టన్నులకు పైమాటే. వాన పడితే దాని కింద నుంచి పసుపు నీళ్ళు పారతాయి. పాలారు దూరం లేదు. 2006లో బ్లాక్‌స్మిత్ సంస్థ ప్రపంచంలో అతి కలుషితమైన పది చోట్ల జాబితా వేస్తే అందులో రాణిపేట ఉంది. ఒడిశాలో ఉన్న మన సభ్యులకు సుకింద గనులు తెలుసు. దేశంలో క్రోమైట్ దాదాపు అంతా అక్కడే. మరుసటి ఏడు జాబితాలో సుకింద కూడా చేరింది.

తోలు షాపుల సంగతి వేరే కేసు. 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు వేలూరు పౌరుల సంఘం వేసిన వ్యాజ్యంలో తీర్పు ఇచ్చింది. ఆ పట్టీలో సుమారు 35,000 హెక్టార్ల సాగు భూమి కొంతో పూర్తిగానో పాడయిందని తీర్పులోనే రాశారు. పాడు చేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రం మన దేశపు చట్టంలో భాగమని కూడా అందులో చెప్పారు. సూత్రం మంచిదే. మూతపడిన ఫ్యాక్టరీ దగ్గర ఎవరు భరిస్తారు? గుట్ట అక్కడే ఉండిపోయింది, ఫైళ్ళు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరిగాయి. నలభై ఏళ్ళు గుమాస్తాగా ఉన్నవాణ్ణి, ఫైలు తిరగడం అంటే ఏమిటో నాకు చెప్పక్కర్లేదు.

వాలాజా రోడ్డు, రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి వైపు బోరు నీళ్ళు తాగే మనవాళ్ళకు ఒక మాట. క్రోమియం కాచితే పోదు, గుడ్డతో వడగడితే పోదు. నీళ్ళు పసుపుగా కనిపించకపోయినా ఉండవచ్చు. తాగే నీళ్ళలో లీటరుకు 0.05 మిల్లీగ్రాముకు మించకూడదని మన దేశపు ప్రమాణం. పరీక్షకు ఇచ్చేటప్పుడు ఉప్పు, గట్టితనం చూస్తే చాలదు, "మొత్తం క్రోమియం" అని విడిగా రాసి ఇవ్వండి. అడగకపోతే చూడరు. రిపోర్టు వచ్చాక దాని కాపీ సంఘం కార్యదర్శికి ఒకటి పంపితే ఊరి వారీగా ఫైలు కట్టి పెట్టే పని నేను చేస్తాను.