కొలబద్ద ఎవరిది?

ఒక జాతిని ఓడించడానికి ఫిరంగులు చాలు. ఓడినవాళ్లు ఎప్పటికీ తక్కువవాళ్లేనని నమ్మించడానికి మాత్రం శాస్త్రం కావాలి.

1830లో ఫ్రాన్స్ అల్జీరియాను ఆక్రమించింది. భూములు లాక్కుంది. అరబ్బీని బడుల నుంచీ కచేరీల నుంచీ పక్కకు నెట్టింది. ఆ తర్వాత మనసుల మీదికి వచ్చింది. 1918లో ఆంత్వాన్ పోరో అనే మానసిక వైద్యుడు ముస్లింల మనస్తత్వం మీద ఒక వ్యాసం ప్రచురించాడు. అల్జియర్స్‌లో ఆయన చుట్టూ ఒక బృందమే తయారైంది. ఉత్తరాఫ్రికా ముస్లిం ఆవేశపరుడు, అబద్ధాలకోరు, నేరం అతని స్వభావంలోనే ఉంది - ఇదీ వాళ్లు తేల్చింది. వైద్య విద్యార్థులు ఏళ్ల తరబడి దీన్నే పాఠంగా చదువుకున్నారు. భూమి పోయినవాడి కోపాన్ని మెదడులోని లోపంగా రాసేస్తే ఇక భూమి గురించి మాట్లాడే పనే ఉండదు కదా!

1953 నవంబరులో ఫ్రాంజ్ ఫానన్ అనే నల్లజాతి వైద్యుడు బ్లిదా మానసిక వైద్యశాలలో ఉద్యోగంలో చేరాడు. సొంతూరు మార్టినిక్ దీవి. ఆయన చేతికింద 165 మంది యూరోపియన్ స్త్రీలు, 220 మంది ముస్లిం పురుషులు. రోగులతో సమావేశాలు, పాటలు, పండుగలు, చేతిపనులు మొదలుపెట్టాడు. స్త్రీల వార్డు త్వరగానే కోలుకుంది. ముస్లింల వార్డు కదల్లేదు. పిలిస్తే రారు. బుట్టలు అల్లమంటే అల్లరు.

పోరో శిష్యులైతే ‘చూశారా, వీళ్లింతే’ అనేవాళ్లు. ఫానన్, ఆయన సహచరుడు జాక్ అజూలే ఆ మాట అనలేదు. యూరప్ కోసం తయారైన పద్ధతిని తెచ్చి ఇక్కడ రుద్దామని, లోపం రోగులది కాదు తమదేనని 1954లో రాశారు. డాక్టరుకు రోగి భాష రాదు. మధ్యలో దుబాసీ. పేదవాడికి దుబాసీ ఎదురయ్యేది పోలీసుల దగ్గర, కోర్టులో. అలాంటి మనిషి ముందు ఎవరు మనసు విప్పుతారు?

తర్వాత వార్డులో కాఫీ కొట్టు పెట్టారు. మన ఇరానీ హోటల్లాగా మగవాళ్లు కూర్చుని ముచ్చట్లాడుకునే చోటు. ముస్లిం పండుగలు జరిపారు. కథలు చెప్పేవాణ్ణి పిలిపించారు. వార్డులో మెల్లగా అలికిడి మొదలైంది.

1956లో ఫానన్, జెరోనిమి మరో సంగతి బయటపెట్టారు. బొమ్మలు చూపించి కథ చెప్పమనే పరీక్ష ఒకటి అమెరికా నుంచి వచ్చింది. ముస్లిం స్త్రీలకు చూపిస్తే కథ రాలేదు. బొమ్మలో ఉన్న వస్తువులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టారంతే. వీళ్లకు ఊహే లేదని రాసేయడం ఎంతసేపు? కాని ఆ ఇళ్లు, ఆ మనుషులు, ఆ దుస్తులు వాళ్ల బతుకులోవి కావు. బొమ్మ లేని తెల్లకార్డు ఇచ్చినప్పుడు వాళ్ల నోట కథలు వచ్చాయి.

అదే ఏడాది ఫానన్ రాజీనామా చేశాడు. సొంత గడ్డ మీదే మనిషిని పరాయివాణ్ణి చేసే పాలనలో వైద్యం సాగదన్నాడు. 1961లో చనిపోయాడు. మరుసటేడు అల్జీరియా స్వతంత్రమైంది.

ఇది మనకు కొత్త కథేం కాదు. హిందుస్తాన్ ముసల్మాన్లు మతం ప్రకారం రాణి మీద తిరగబడక తప్పదా అని 1871లో హంటర్ ఒక పుస్తకమే రాశాడు. అదే ఏడాది బ్రిటిష్ సర్కారు నేరస్త తెగల చట్టం తెచ్చి కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్తులన్నది. తెలుగునాట ఎరుకలను స్టువార్టుపురం సెటిల్‌మెంట్‌లో పెట్టింది ఆ చూపే. 1952లో చట్టం పోయింది. చూపు పోయిందా?

‘మీ మనసులో ఏముంది’ అని ఈనాటికీ మనల్ని అడుగుతూనే ఉన్నారు. వాళ్ల బొమ్మలకు సరిపోయే జవాబులు వెతుక్కుంటూ మనం చాలా కాలం గడిపేశాం. మన ఇంటి మాటల్లో, మన కథను మనమే మొదటినుంచి చెప్పుకోవాలి.