శిథిలాల పునర్వినియోగం: కూల్చివేతకు ముందే మొదలు కావలసిన పని

ఉత్తరప్రదేశ్‌లోని నోయిడాలో 2022 ఆగస్టు 28న సుమారు వంద మీటర్ల ఎత్తున్న జంట భవనాలను సుప్రీంకోర్టు ఆదేశం మేరకు పేలుడు పదార్థాలతో నేలమట్టం చేశారు. భవనాలు కూలడానికి కొన్ని సెకన్లే పట్టింది. మిగిలిన శిథిలాలు దాదాపు 80 వేల టన్నులు. వాటిలో చాలా భాగాన్ని భూగర్భ అంతస్తులను పూడ్చడానికే వాడాలని, సుమారు 28 వేల టన్నులను సెక్టార్ 80లోని పునఃశుద్ధి కేంద్రానికి పంపాలని అధికారులు నిర్ణయించారు. ఆనాడు దేశమంతా టెలివిజన్లలో చూసింది ధూళిమేఘాన్ని. అసలు సమస్య దాని అడుగున ఉండిపోయింది.

ఆ సమస్య ఎత్తైన భవనాలకే పరిమితం కాదు. పక్కా భవనాన్ని కూల్చితే చదరపు మీటరుకు సుమారు 500 కిలోల వ్యర్థాలు వస్తాయని, కొత్త నిర్మాణంలో 40 నుంచి 60 కిలోలు మాత్రమే వస్తాయని టైఫాక్ సంస్థ గతంలో అంచనా వేసింది. ఆ లెక్కన 100 చదరపు మీటర్ల పాత ఇల్లు కూల్చితే మిగిలేది 50 టన్నులు. దేశవ్యాప్తంగా ఏటా 15 కోట్ల టన్నుల వ్యర్థాలు వెలువడుతున్నాయన్న అంచనా ప్రచారంలో ఉంది. అందులో పునఃశుద్ధి అవుతున్నది ఒక శాతమేనని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2020లో పేర్కొంది.

ఈ ఒక శాతం లెక్కను కొంత జాగ్రత్తగా చదవాలి. మన దేశంలో పాత ఇంటి టేకు గుమ్మాలు, దూలాలు, కిటికీలు, ఇనుప చువ్వలు చెత్తలోకి పోవడం అరుదు. కూల్చివేత పనివారు వాటిని ముందే ఊడదీసి అమ్ముకుంటారు. చెక్కుచెదరని ఇటుకలకు సైతం గిరాకీ ఉంటుంది. ధర పలకనివి కాంక్రీటు పెళ్లలు, గచ్చు, పగిలిన ఇటుకలు, టైల్సు. రాత్రివేళ చెరువు గట్టుకో, నాలాలోకో చేరేవి ఇవే. వర్షాకాలంలో నీరు పారే దారి మూసుకుపోవడానికి ఇదొక కారణం.

ఢిల్లీలోని బురాడీలో 2009లో ప్రారంభమైన కేంద్రం ఈ రంగంలో దేశానికి తొలి ప్రయోగం. హైదరాబాద్‌లో జీడిమెట్ల కేంద్రం 2020లో పనిచేయడం మొదలుపెట్టింది. పని పద్ధతి కష్టమైనది కాదు. పెద్ద పెళ్లలను యంత్రంతో పగలగొడతారు, అయస్కాంతంతో ఇనుమును వేరు చేస్తారు, జల్లెడ పట్టి, కడిగి కంకరను, ఇసుకను వేర్వేరుగా తీస్తారు. వాటితో పేవర్ దిమ్మెలు, కాలిబాట అంచురాళ్లు తయారవుతాయి. చిక్కంతా వచ్చే సరుకులోనే ఉంది. ప్లాస్టిక్, థర్మాకోల్, జిప్సం పలకలు, మట్టి కలగలిసిన లారీ లోడు నుంచి మేలైన కంకర రాదు. జిప్సంలోని సల్ఫేటు కాంక్రీటును దెబ్బతీస్తుంది. పాత కాంక్రీటు నుంచి తీసిన కంకరకు అంటుకున్న సిమెంటు పొర నీటిని అధికంగా పీల్చుకుంటుంది.

అందుకే భారత ప్రమాణాల సంస్థ 2016లో సవరించిన ఐఎస్ 383లో వాడకానికి పరిమితులు పెట్టింది. పాత కాంక్రీటు నుంచి తీసిన కంకరను ఇనుము లేని కాంక్రీటులో 25 శాతం వరకు, ఎం25 శ్రేణికి మించని ఇనుప కాంక్రీటులో 20 శాతం వరకు కలపవచ్చు. ఎం15 కన్నా తక్కువ శ్రేణి కాంక్రీటులో పూర్తిగా దానినే వాడవచ్చు. 'చెత్తతో కట్టిన ఇల్లు నిలుస్తుందా' అన్న సందేహానికి ప్రమాణాలు ఇచ్చిన సమాధానం ఇది. అయినా గుత్తేదారుల్లో ఆ సంకోచం ఇంకా పోలేదు.

వ్యర్థం పుట్టకుండా చూడటం ఇంతకన్నా చవక. ఇనుప చువ్వలు సాధారణంగా 12 మీటర్ల పొడవున వస్తాయి. ఏ ముక్క ఎక్కడ వాడాలో ముందే పట్టిక వేసుకుంటే తునకలు తగ్గుతాయి. గది కొలతలు టైల్సు కొలతలకు సరిపోతే కోత తగ్గుతుంది. గోడలు పూర్తయ్యాక పైపుల కోసం మళ్లీ తొలిచే అలవాటు మానితే ఇటుకా, మేస్త్రీ కూలీ రెండూ మిగులుతాయి. బలంగా ఉన్న పాత భవనాన్ని కూల్చకుండా పటిష్ఠపరచి వాడుకోవడం అన్నిటికన్నా పెద్ద పొదుపు.

చట్టపరంగా తొలి ప్రత్యేక నిబంధనలు 2016 మార్చిలో వచ్చాయి. రోజుకు 20 టన్నులకు మించి లేదా ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులకు మించి వ్యర్థాలు వచ్చేచోట కాంక్రీటు, మట్టి, ఇటుకలు-గచ్చు ఒక్కొక్కటిగాను, ఉక్కు-కలప-ప్లాస్టిక్ మరొక వర్గంగాను వేరు చేయాలని అవి చెప్పాయి. 2025లో ప్రకటించిన కొత్త నిబంధనలకు 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా నిర్ణయించారు. 20 వేల చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మిత విస్తీర్ణం గల ప్రాజెక్టులపై ఇవి పునఃశుద్ధి బాధ్యతను మోపుతాయి. వీధిలో కూల్చే రెండంతస్తుల ఇల్లు ఆ పరిధిలోకి రాదు. దాని 50 టన్నులు ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించేది స్థానిక పురపాలక సంస్థ ఏర్పాట్లు, యజమాని కూల్చివేతదారుతో కుదుర్చుకునే ఒప్పందమే. శిథిలాలను ఏ కేంద్రానికి చేర్చాలో, ఆ రవాణా ఖర్చు ఎవరిదో ఆ ఒప్పందాల్లో రాసుకోవడం మాత్రం ఇప్పటికీ అరుదే.