ఫిజీ ద్వీపములు: నేల యొకరిది, సేద్య మొకరిది

ఆస్ట్రేలియా ఖండమునకు తూర్పున, పసిఫిక్ మహాసముద్రమున ఫిజీ యను ద్వీపసముదాయము కలదు. దీవులు మూడువందలకు పైబడియున్నను విటిలేవు, వనువాలేవు అను రెండే పెద్దవి. అన్నియు గలిపిన విస్తీర్ణము సుమారు 7,000 చదరపు మైళ్ళు. అనగా 2022 విభజనకు పూర్వమున్న కృష్ణాజిల్లాకు రెండింతలకు కొంచె మెక్కువ. ఈపాటి నేలమీద రెండు జాతులవారు నూట నలువది యేండ్లకు పైగా ఇరుగుపొరుగులై జీవించుచున్నారు. ఒకరు ఆదినుండి యున్న ఫిజీయులు; రెండవవారు ఇండియానుండి కూలికి పోయినవారి సంతతి. ఆ పోయినవారిలో విశాఖపట్టణము, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారును కలరు గనుక ఆ దేశపు వృత్తాంతము మనకు బొత్తిగా పరాయిది కాదు.

ఈ రెండు జాతులను గూర్చి లోకములో ఒక వాడుక పాతుకొనియున్నది. ఫిజీయుడు సోమరియనియు, కొబ్బరిచెట్టు నీడను కూర్చుండి కాలము గడుపుననియు ఒకమాట. భారతీయుడు ధనాశాపరుడనియు, దేశపు సంపద నంతయు మూటగట్టెననియు రెండవమాట. దొరలు వ్రాసిన పుస్తకములలో ఈ మాటలు పలుమారులు కనబడును. భూమి లెక్కలు చూచినవారికి మాత్రము ఇవి రెండును నిలువవు. ఆ జాతుల స్థితిగతులలోని భేదము రక్తములోనుండి వచ్చినది కాదు, దస్తావేజులలోనుండి వచ్చినది. ఆ దస్తావేజులు వ్రాసినవారు ఆ రెండు జాతులలో దేనికిని చెందినవారు కారు.

1874 అక్టోబరు 10వ తేదీన తకొంబావు మున్నగు ఫిజీ నాయకులు తమ దేశమును బ్రిటిషు రాణికి అప్పగించిరి. మరుసటి సంవత్సరమే ఆ దీవులలో తట్టమ్మవారు చెలరేగెను. అంతకుముందెన్నడు నెఱుగని జబ్బగుటచే ఇంటిల్లిపాదియు ఒక్కమారుగ పడకవేసిరి. నీరిచ్చు దిక్కులేక పోయినవారనేకులు. సుమారు 40,000 మంది మరణించిరని అంచనా. ఆ దుఃఖము పచ్చిగా నున్న సమయమున ఆర్థర్ గార్డను దొర మొదటి గవర్నరుగా వచ్చెను. ఇట్లే మిగిలినవారిని తోటల పనికి తోలినచో ఈ జాతి నశించునని ఆయన తలంచెను. అందుచే రెండు కట్టడులు చేసెను. మొదటిది: ఫిజీయుల భూమి అమ్మరాదు, కొనరాదు. రెండవది: ఫిజీయుడు తన గ్రామములో తన నాయకుని యేలుబడిలోనే యుండవలెను, పన్ను రొక్కముగా గాక పంటరూపమున చెల్లింపవలెను.

అయితే రాజ్యము నడచుటకు రాబడి కావలెను. రాబడికి చెఱకుతోటలు కావలెను. తోటలకు కూలీలు కావలెను. గార్డను దొర అంతకుముందు ట్రినిడాడు, మారిషసు దీవులలో అధికారము చేసినవాడు. అచట భారతీయ కూలీల పనితనమును కన్నులార చూచినవాడు. ఆయన ఏర్పాటుననుసరించి 1879 మే 14వ తేదీన ‘లియొనిడాస్’ అను ఓడ 463 మంది కూలీలతో కలకత్తానుండి ఫిజీ చేరెను. ఫిజీయుని రక్షించుటకై భారతీయుని తెచ్చిరి. ఒకనికి చేసిన మేలునకు మూల్యము మఱియొకనిచేత కట్టించిరనుట సత్యదూరము కాదు.

1916 వరకు అట్లు వచ్చినవారు 60,000 పైచిలుకు. అందులో సుమారు 15,000 మంది 1903 మొదలు మద్రాసు రేవునుండి ఓడ యెక్కినవారు. ఒడంబడిక అను అర్థముగల ‘అగ్రిమెంటు’ అనుమాట వారి నోట అరిగి ‘గిర్మిట్’ అయ్యెను. గడువు అయిదేండ్లు. దినమునకు తొమ్మిదిగంటల చొప్పున అయిదుదినములు, శనివారము అయిదుగంటలు పని. పూర్తిపనికి మగవానికి ఒక షిల్లింగు, ఆడుదానికి తొమ్మిది పెన్నీలు కూలి. కాగితముమీద నిది బాగుగనే కనబడును. కాని పనిని గంటలతో గాక కొలతతో ఇచ్చుట ఆచారము. ఆ కొలతను నిర్ణయించువాడు తోట అజమాయిషీదారు. కొలత పూర్తికాని దినమున కూలి తెగును. పనికి రాకుండుట నేరము. దానికి న్యాయస్థానమున శిక్ష. కాపురముండు గది పదియడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. అందులో ముగ్గురు ఒంటరి మగవారైనను, పిల్లలతో కూడిన దంపతులైనను ఉండవలెను. నూరుగురు పురుషులకు నలువదిమంది స్త్రీలు చాలునని నియమము. ఈ యొక్క నియమమువలన ఎన్ని కాపురములు కూలినవో, ఎన్ని హత్యలును ఆత్మహత్యలును జరిగినవో చెప్పుటకు పుట చాలదు. తోతారాం సనాఢ్యుడు అను గిర్మిటు కూలి స్వదేశమునకు తిరిగివచ్చి తన యిరువదియొక్క సంవత్సరముల అనుభవమును 1914లో హిందీలో గ్రంథముగా వెలువరింపగా, ఆ దుఃస్థితి మనదేశమున నలుగురికి తెలిసెను. ఆండ్రూసు, పియర్సనులు స్వయముగా పోయి చూచి నివేదిక వ్రాసిరి. 1920 జనవరి 1వ తేదీన మిగిలిన ఒడంబడికలన్నియు రద్దయ్యెను.

విముక్తులైన కూలీలలో అధికసంఖ్యాకులు ఆ దేశముననే నిలిచిరి. వారికి సేద్యము వచ్చును, నేల లేదు. ఫిజీయునకు నేల కలదు. దానిని పెట్టుబడిగా మార్చుకొను దారి లేదు. కథ యంతయు ఈ రెండు వాక్యములలోనే యున్నది.

దేశపు భూమిలో నూటికి 83 వంతులకు పైగా ఫిజీయులదే. అది వ్యక్తిపేరిట నుండదు. ‘మతంగ్గలి’ యను వంశసమూహము పేరిట నుండును. మన సమష్టికుటుంబపు ఆస్తిని పదింతలు పెంచి, భాగపంపిణీకి వీలులేకుండ చేసినచో ఎట్లుండునో అట్టిది. తనఖాపెట్టుటకు వీలులేదు, అప్పు పుట్టదు. ఫిజీ యువకుడెవడైన విడిగా వ్యవసాయము చేసికొనదలచినచో నాయకుని యనుమతియు అధికారుల యనుమతియు కావలెను. ఊరి వెట్టిపనికి బదులుగ రొక్కము చెల్లింపవలెను. ఈ నిబంధనలు 1960 దశాబ్దపు నడుమ వరకు సాగెను. దీనికితోడు ‘కెరెకెరె’ అను ఆచారమొకటి కలదు. బంధువు వచ్చి అడిగినది లేదనరాదు. ఆచారము ఉత్తమమైనదే, దానివలన ఊరిలో ఆకలిచావు ఎఱుగరు. కాని దుకాణము పెట్టిన ఫిజీయుని సరకంతయు బంధువుల యిండ్లకు అరువుగా పోవుచుండ, వ్యాపారమున రాణించుట యెట్లు? చేమదుంపలు, కఱ్ఱపెండలము, కొబ్బరి, చేపలు సమృద్ధిగా నున్న గ్రామములో రొక్కముమాత్రమే కఱవు. స్పేటు అను భూగోళశాస్త్రవేత్త 1959లో ప్రభుత్వమునకు సమర్పించిన నివేదికలో, స్వతంత్రముగ సేద్యము చేయ నుద్దేశించు ఫిజీయునికి ఈ గ్రామ నిర్బంధములే అడ్డు తగులుచున్నవని స్పష్టపఱచెను. సోమరితనమని లోకులు చెప్పినదానిలో అధికభాగము ఈ నిర్బంధమే.

ఇక భారతీయుని సంపదమాట. ఆస్ట్రేలియాకు చెందిన చక్కెర కంపెనీ తన తోటలను పది పండ్రెండెకరముల ముక్కలుగా చేసి భారతీయులకు కౌలునకిచ్చెను. ఏ నాటవలెనో, ఎప్పుడు నఱుకవలెనో కంపెనీయే చెప్పును. చెఱకు కొనువాడు ఒక్కడే. ధర కట్టువాడును వాడే. 1921లోను, 1943లోను జరిగిన సమ్మెలు ఈ బాధనుండి పుట్టినవే. రెండవదానికి ఏ.డి. పటేలు, స్వామి రుద్రానంద అను వారలు నాయకులు. 1970లో డెన్నింగు ప్రభువు మధ్యవర్తిగా నుండి, రాబడిలో నూటికి 65 వంతులు రైతునకనియు 35 మిల్లునకనియు తీర్పుచెప్పగా, ఇఁక లాభము లేదని కంపెనీ 1973లో మూట ముల్లె సర్దుకొని పోయెను. పట్టణములలో పెద్ద దుకాణములు నడుపు భారతీయులలో అనేకులు గుజరాతీలు. వారు గిర్మిటుమీద వచ్చినవారు కారు. స్వంత ఖర్చులతో వచ్చిన వర్తకులు. ఆ దుకాణముల పేరుపలకలు చూచి భారతీయులందఱు ధనికులని తలంచుట, మన పట్టణములోని బంగారుకొట్లు చూచి పల్లెరైతుల ఆస్తి లెక్కించుటవంటిది. చెఱకు రైతు ఆ కొట్టువానికే పంటమీద బాకీదారు. 1990–91 నాటి కుటుంబ వ్యయముల పరిశీలనలో దేశమున సుమారు నాలుగవవంతు కుటుంబములు పేదరికమున నున్నట్లు తేలెను. ఆ పేదలు ఇరుజాతులలోను కలరు.

విద్యావిషయమునను భేదము విచిత్రముగ నుండెను. 1835 నుండి క్రైస్తవ మిషనులు ఊరూర బడులు పెట్టుటచే ఫిజీయులు ముందుగనే చదువ నేర్చిరి. భారతీయ కూలీలలో నిరక్షరులే యెక్కువ. వారికి సర్కారు బడులు చాలనందున తామే చందాలు వేసికొని పాకలలో పాఠశాలలు ప్రారంభించిరి. సాధు కుప్పుస్వామి 1926లో స్థాపించిన దక్షిణభారతీయుల సంగము ఈ పనిలో అగ్రగణ్యము. 1941లో తెలుగువారు ప్రత్యేకముగ ఆంధ్ర సంగమును నెలకొల్పిరి. ఇంటిలో మాత్రము తెలుగు క్రమముగ సన్నగిల్లి, ఫిజీ హిందీ అందఱి భాషయయ్యెను. నేల లేనివానికి బిడ్డ చదువే ఆస్తియను తలంపు ఆ కుటుంబములలో బలపడెను. కొన్ని తరములు గడచుసరికి న్యాయవాదులు, వైద్యులు, గుమాస్తాలు భారతీయులలోనుండి అధికముగ వచ్చిరి. సైన్యము మాత్రము దాదాపుగ ఫిజీయులదే యయ్యెను. దాని ఫలితము పిమ్మట కనబడినది.

మరల భూమికే రావలెను. 1940లో రాతు సుకునా అను నాయకుని కృషివలన, ఫిజీయుల భూములను కౌలునకిచ్చు అధికారము ఒక ధర్మకర్తల బోర్డునకు సంక్రమించెను. రైతు చెల్లించిన కౌలు నూఱు పౌనులనుకొందము. చాలకాలము అందులో 25 బోర్డు ఖర్చునకు పోయెడివి. మిగిలిన 75లో నూటికి ముప్పది చొప్పున 22½ మూడంతస్తుల నాయకులకు చెందెడివి. తక్కిన 52½ మతంగ్గలిలోని సామాన్యులందఱు పంచుకొనవలసినవి. వందమంది గల వంశములో ఒక్కొక్కనికి అరపౌనుకు మించి యేమి దక్కును? భూస్వామియను పేరు సామాన్య ఫిజీయునిది, ఫలము నాయకునిది. అందఱికి సమానముగ పంచు పద్ధతి 2011 నుండి గాని రాలేదు. భారతీయ కౌలుదారు ఎక్కువ చెల్లించుచున్నానని వగచుచుండ, ఫిజీయుడు తనకేమియు ముట్టలేదని వగచుచుండెను. ఇరువురి మాటయు నిజమే. ఒకరిమీద నొకరికి అనుమానము పెరుగుటకు ఇంతకన్న నేమి కావలెను? భారతకథ నెఱిగినవారికి నేలతగవు క్రొత్తగాదు. అచట తగవు దాయాదుల నడుమ పుట్టినది. ఇచట ఇరువురిని తెచ్చి ఒకే గట్టుమీద నిలిపి, మూడవవాడు ఓడ యెక్కిపోయెను.

1946 లెక్కలనాటికి భారతీయుల సంఖ్య ఫిజీయులను మించినది. 1966లో దేశజనములో సగమునకు కొంచెము పైబడినది. 1970 అక్టోబరు 10న స్వాతంత్ర్యము వచ్చినప్పుడు శాసనసభలోని 52 స్థానములలో ఇరుజాతులకు ఇరువదిరెండేసి పంచిరి. 1987లో భారతీయుల బలముతో బవాద్ర అను ఫిజీయుడే ప్రధానియయినను, నెల గడచి కొలదిదినములకే, మే 14న రబూకా అను సేనాని సభలో ప్రవేశించి ప్రభుత్వమును కూలద్రోసెను. 1999లో ప్రధానియైన మహేంద్ర చౌదరి యను భారతీయుడు 2000 మే 19న పదవిలో నుండగనే నిర్బంధింపబడి 56 దినములు చెఱలో నుండెను. ‘భారతీయులు మన నేల లాగుకొందురు’ అను భయమును ఈ రెండు సందర్భములలోను వాడుకొనిరి. కాని ఆ నేల అమ్ముటకు చట్టమే ఒప్పుకొనదని చెప్పినవారి గొంతు వినబడలేదు. లక్షకు పైగా భారతీయులు ఆస్ట్రేలియా, న్యూజిలాండు, కెనడా, అమెరికాలకు తరలిపోయిరి. పోయినవారు చదువుకొన్నవారు; నిలిచినవారు పొలము నమ్ముకొన్నవారు. 2007 లెక్కలలో ఫిజీయులు నూటికి 57, భారతీయులు సుమారు 37½.

ఆ నిలిచిన రైతులకు తుపాకికన్న తేదీయే యెక్కువ కీడుచేసెను. 1976 చట్టము కౌలునకు ముప్పదియేండ్ల గడువిచ్చెను; అంతకు పూర్వపు కౌళ్ళును కలిసి 1997 మొదలు గడువులు తీరసాగెను. మూడు తరములు దున్నిన పొలము, అందులో కట్టిన యిల్లు, నాటిన మామిడిచెట్టు ఒక్క నోటీసుతో చేయిదాటెను. వేలకొలది కుటుంబములకు కౌలు మరల దొరకలేదు. నేల తిరిగి దక్కిన ఫిజీయులలో కొందఱు చెఱకు సాగుచేసిరి. పెట్టుబడియు అలవాటును లేనిచోట పొలములు బీడువారెను. 1990 దశాబ్దపు నడుమ నలువది లక్షల టన్నులు దాటిన చెఱకు పంట తరువాతి కాలమున ఇరువదిలక్షలకు లోపు పడిపోయినది. కౌలు పోయిన రైతు నష్టపోయెను. కౌలు రాని భూస్వామియు నష్టపోయెను.

2013 రాజ్యాంగము దేశపౌరులందఱికిని ‘ఫిజీయన్’ అను ఒకేపేరు పెట్టెను. 2022 చివర మరల ప్రధానియైన రబూకా, 1987లో తాను చేసిన పనికి 2023 మే 14న గిర్మిటు కూలీల సంతతిని బహిరంగముగ క్షమాపణ వేడెను. ఆ యేటినుండి గిర్మిటు దినము ప్రభుత్వ సెలవుదినమైనది. భూమిచట్టము మాత్రము ఉన్నచోటనే యున్నది. కౌలు తీరిన చెఱకు రైతులును, ఊరిలో రొక్కము పుట్టక పని వెదకికొనుచు వచ్చిన ఫిజీ యువకులును రాజధానియైన సువా పట్టణపు శివార్లలో, పట్టాలేని స్థలములలో రేకుల యిండ్లు వేసికొని ప్రక్కప్రక్కనే కాపురముండుచున్నారు.