ఓటు ముందు, లెక్క వెనుక: బ్రిటన్ రెఫరెండంపై ఒక పరిశీలన

సాధారణ ఎన్నికల్లో ఓడిన పక్షానికి కొన్నేళ్ళ తర్వాతైనా మరో అవకాశం వస్తుంది. రెఫరెండం సంగతి అలా కాదు. ఒకే ప్రశ్న, ఒకే రోజు, రెండే జవాబులు. తప్పు జరిగితే దిద్దుకొనే వీలు దాదాపుగా ఉండదు. కాబట్టి ప్రచారంలో నిజాయితీ, ఖర్చులో నియమపాలన అక్కడ మరింత అవసరం. 2016 జూన్ 23న బ్రిటన్‌లో జరిగిన రెఫరెండం ఈ విషయాన్ని పరిశీలించడానికి తగిన ఉదాహరణ.

ఐరోపా సమాఖ్యలో కొనసాగాలా, వైదొలగాలా అన్నది ప్రశ్న. వైదొలగాలని 51.9 శాతం, కొనసాగాలని 48.1 శాతం ఓటు వేశారు. తేడా సుమారు 12 లక్షల 70 వేల ఓట్లు. ఇంగ్లండు, వేల్స్ ఒకవైపు మొగ్గితే స్కాట్లండు, ఉత్తర ఐర్లండు మరోవైపు మొగ్గాయి. ఇందులో మనవారికీ కొంత పాత్ర ఉంది. అక్కడ నివసించే కామన్వెల్త్ పౌరులకు ఓటు హక్కు ఉండడం వల్ల, భారత పౌరులుగానే స్థిరపడిన తెలుగువారు కూడా ఓటు వేయగలిగారు. ఏళ్ళ తరబడి అక్కడే ఉంటున్న ఫ్రెంచి, పోలిష్ పౌరులకు మాత్రం ఆ హక్కు లేదు.

ముందుగా నిజానిజాల సంగతి చూద్దాం. వైదొలగాలన్న పక్షం తరఫున అధికారిక గుర్తింపు పొందిన సంస్థ ‘వోట్ లీవ్’. సమాఖ్యకు వారానికి 35 కోట్ల పౌండ్లు పంపుతున్నామనీ, ఆ డబ్బును ఆరోగ్య సేవకు ఇద్దామనీ ఆ సంస్థ ఒక ఎర్ర బస్సుపై రాయించి ఊరూరా తిప్పింది. నిజానికి బ్రిటన్‌కు లభించే రాయితీని ముందే మినహాయించేవారు. అది పోగా వెళ్ళేది వారానికి సుమారు 25 కోట్లు. అందులోనూ కొంత వ్యవసాయ సహాయం వంటి రూపాల్లో తిరిగి వచ్చేది. ఈ అంకె తప్పుదారి పట్టించేదని గణాంక ప్రాధికార సంస్థ అధ్యక్షుడు సర్ ఆండ్రూ డిల్నాట్ పోలింగుకు ముందే చెప్పారు. అయినా బస్సు ఆగలేదు.

రెండో పక్షం తప్పు చేయలేదనుకోరాదు. వైదొలగితే 2030 నాటికి ఒక్కో కుటుంబానికి ఏటా 4,300 పౌండ్ల నష్టమని ఆర్థికమంత్రి జార్జ్ ఆస్బోర్న్ ప్రచారం చేశారు. ఆ అంకె జాతీయోత్పత్తిలో అంచనా వేసిన తగ్గుదలను కుటుంబాల సంఖ్యతో భాగించగా వచ్చింది. అది కుటుంబాల రాబడిలో కోత కాదు. పార్లమెంటు ఆర్థిక సంఘం రెండు పక్షాల అంకెలనూ తప్పుపట్టింది. అయితే అభ్యర్థి అంటూ లేని రెఫరెండంలో ఇటువంటి మాటలను శిక్షించే చట్టం లేదు. చట్టం పట్టుకోగలిగింది డబ్బునే.

డబ్బు విషయంలో చట్టం పరిమితులు ఏర్పరచింది. గుర్తింపు పొందిన ప్రధాన సంస్థకు 70 లక్షల పౌండ్ల పరిమితి, నమోదైన ఇతర ప్రచార సంస్థలకు 7 లక్షల పరిమితి. ప్రచారం చివరి రోజుల్లో ‘వోట్ లీవ్’ ‘బిలీవ్’ అనే యువజన బృందానికి విరాళంగా చూపిన సొమ్ము నేరుగా ‘అగ్రిగేట్ ఐక్యూ’ అనే కెనడా సంస్థకు చేరింది. ఈ 6 లక్షల 75 వేల పౌండ్ల ఖర్చు ఉమ్మడి పథకం ప్రకారమే జరిగిందనీ, దాన్ని కలిపితే పరిమితి 4 లక్షల 49 వేలు దాటిందనీ ఎన్నికల సంఘం తేల్చి, 2018 జులైలో 61 వేల పౌండ్ల జరిమానా విధించింది. మొదట కాదన్న సంస్థ 2019లో అప్పీలు విరమించుకొంది. ‘బిలీవ్’ నిర్వాహకుడిపై విధించిన 20 వేల జరిమానాను మాత్రం న్యాయస్థానం కొట్టివేసింది. కొనసాగాలన్న పక్షంలో లిబరల్ డెమోక్రాట్లకూ లెక్కల లోపాలకు 18 వేల జరిమానా పడింది.

ఇక్కడ తేదీలను పక్కపక్కన పెట్టి చూడాలి. పెద్ద సంస్థలు లెక్కలు సమర్పించడానికి ఓటు తర్వాత ఆరు నెలల గడువు. వైదొలగుతున్నట్టు ప్రభుత్వం సమాఖ్యకు నోటీసు ఇచ్చింది 2017 మార్చిలో. జరిమానా పడింది 2018 జులైలో. ఈ అక్రమాల ఆధారంగా నోటీసును సవాలు చేసిన వ్యాజ్యాన్ని న్యాయస్థానాలు స్వీకరించలేదు. ఆలస్యమైందనీ, అక్రమం జరగకపోతే ఫలితం మారేదనడానికి ఆధారం లేదనీ చెప్పాయి. 2020 జనవరి 31న బ్రిటన్ సమాఖ్య నుండి బయటికి వచ్చింది.

ప్రభుత్వ సొమ్ముపైనా వివాదం రేగింది. కొనసాగాలని కోరుతూ ప్రభుత్వమే 93 లక్షల పౌండ్లతో ఇంటింటికీ కరపత్రం పంపింది. ప్రభుత్వ ప్రచురణలపై చట్టం విధించిన నిషేధం చివరి 28 రోజులకే పరిమితం కనుక అది చట్టవిరుద్ధం కాలేదు. కానీ ఆ మొత్తం ప్రధాన సంస్థల పరిమితిని మించింది.

ఈ సందర్భంలో కర్ణాటక, మహారాష్ట్రల్లోని మన విద్యార్థులు పొరుగునున్న గోవాను గుర్తుచేసుకోవాలి. మహారాష్ట్రలో విలీనం కావాలా వద్దా అని అక్కడ 1967 జనవరి 16న ఓటు జరిగింది. అధికార యంత్రాంగం ఒక పక్షానికి పనిచేస్తుందన్న అనుమానం రాకుండా, విలీనాన్ని కోరిన బందోడ్కర్ మంత్రివర్గం పోలింగుకు ముందే తప్పుకొంది. విలీనం 34 వేల పైచిలుకు ఓట్లతో వీగిపోయింది. కొద్ది నెలలకే జరిగిన ఎన్నికల్లో బందోడ్కర్ పార్టీ మళ్ళీ గెలిచింది.

బ్రిటన్‌లో చట్టం లేకపోలేదు, విచారణా జరిగింది. అది ఓటుకు ముందు చేయవలసిన పనిని తర్వాత చేసింది. గోవాలో ఒక జాగ్రత్త ఓటుకు ముందే తీసుకొన్నారు. రెఫరెండం చరిత్ర చదివేవారు ఫలితంతో పాటు లెక్క ఎప్పుడు తేలిందో కూడా అడగాలి.