రాయి మిగిలింది, చెక్క పోయింది

మా గురించి చెప్పాలనుకున్నవాళ్లు ముందుగా ఒక మినార్ బొమ్మ వేస్తారు. పుస్తకం అట్ట మీదైనా, సినిమా తెర మీదైనా అంతే. మమ్మల్ని తిట్టదలుచుకున్నవాళ్లకూ కట్టడాలే కావాలి. 1992 డిసెంబర్ 6న అయోధ్యలో మసీదు కూల్చినవాళ్లు మా చరిత్ర మొత్తం ఆ గుమ్మటాల కిందే ఉందనుకున్నారు. మాలోనూ కొందరు చార్మినార్ వైపు చెయ్యి చూపించి, మా పెద్దలు కట్టించారని మీసం దువ్వుతారు. ఈ ఇద్దరూ మాట్లాడేది కట్టించినవాళ్ల గురించే. కట్టినవాళ్ల ఊసు ఇద్దరికీ పట్టదు.

మేం నవాబుల బిడ్డలం కాం. మాలో ఎక్కువమంది దూదేకినవాళ్ల, రాళ్లు మోసినవాళ్ల, మగ్గం నేసినవాళ్ల, తోళ్లు శుద్ధి చేసినవాళ్ల బిడ్డలం. కాబట్టి మా చరిత్రను రాజుల పేర్ల దగ్గర కాకుండా సున్నం దగ్గర మొదలుపెడతాం.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టించాడు. రాయి ఇక్కడి నల్లరాయే. దాన్ని పట్టి ఉంచింది సున్నం. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్లు పోసి చంపి, ఇసుక కలిపి గానుగలో వేస్తారు. గుండ్రటి కాలువలో రాతిచక్రాన్ని ఎద్దు లాగుతూ తిరుగుతుంది. వెన్నలా నలిగేదాకా తిప్పాల్సిందే. అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలపడం మన మేస్త్రీల పాత పద్ధతి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చుకుని మళ్లీ రాయిలా మారుతుంది. ఏళ్లు పడుతుంది. గోడ కాస్త కదిలినా సర్దుకుంటుంది, చెమ్మను లోపల బంధించదు. మినార్ల మీది పూలూ లతలూ కూడా ఈ సున్నంతో తీర్చినవే.

1617లో మొదలైన మక్కా మసీదు సంగతి చూడండి. ఫ్రెంచి వర్తకుడు తవేర్నియే ఆ పని జరుగుతుండగా చూసి రాశాడు. అందులోని ఒకే ఒక పెద్ద రాతిని గని నుంచి తీయడానికి 500, 600 మంది అయిదేళ్లు పనిచేశారట. దాన్ని లాగడానికి 1400 ఎడ్లు కట్టాల్సి వచ్చిందని అతనికి చెప్పారట. రాతికి ఇంత లెక్క దొరికింది. ఆ అయిదారు వందల మందిలో ఒక్కరి పేరూ ఆ లెక్కలోకి ఎక్కలేదు. రాతిని తొలిచినవాడు ఏ దేవుణ్ణి మొక్కాడని ఆ రాయి అడగలేదు.

గోల్కొండ రాజ్యానికి ఇంకో కట్టడం ఉండేది. అది నేల మీద కాదు, నీటి మీద. పదహారో శతాబ్దం చివరి నుంచి మచిలీపట్నం ఓడలు ఎర్రసముద్రం దాకా వెళ్లేవి. హాజీలు వాటిలోనే వెళ్లేవాళ్లు. మక్కా, మదీనాల్లో బీదలకు పంచడానికి సుల్తానులు పంపిన బియ్యం కూడా అలాగే వెళ్లింది. మీర్ జుమ్లాకు సొంత ఓడలు ఉండేవి. ఈ తీరానికి ఓడలు కట్టిపెట్టిన ఊరు గోదావరి ఒడ్డున నరసాపురం. ఇంగ్లీషువాళ్లూ అక్కడికి వచ్చి ఓడలు కట్టించుకున్నారు.

నరసాపురమే ఎందుకంటే, పైన అడవిలో నరికిన టేకు గోదావరిలో తెప్పలుగా కిందికి దిగుతుంది. టేకులో నూనె ఉంటుంది కాబట్టి నీళ్లలో త్వరగా కుళ్లదు, దిగ్గొట్టిన ఇనప మేకునూ తినెయ్యదు. మేకులకు ఊరి కొలుముల్లో తీసిన ఇనుము ఉంది. పలకల సందుల్లో నార కూరి, గుగ్గిలం నూనెలో కాచి పట్టించేవాళ్లు. ఓడ అడుగుకు సున్నం, నూనె కలిపిన ముద్ద పూయడం హిందూ మహాసముద్రంలో ఎప్పటినుంచో ఉన్న పని. కలపను తొలిచే సముద్రపు పురుగుకు అది అడ్డు. అంటే చార్మినార్‌ను నిలబెట్టిన సున్నమే సముద్రంలోకీ దిగిందన్నమాట.

తర్వాత ఓడల పని కోరంగికి పాకింది. 1802లో అక్కడ రోబక్ అనే ఇంగ్లీషువాడు కట్టించిన రేవుగుంటలో ఇంగ్లండు నౌకాదళపు యుద్ధనౌకలు మరమ్మతుకు వచ్చేవి. సముద్రాన్ని ఏలుతున్నామన్నవాళ్ల యుద్ధనౌకలకు చిల్లులు పూడ్చింది మన వడ్రంగులూ కమ్మరులే. 1839 తుపాను కోరంగిని ఊడ్చేసింది. తర్వాత ఇనప ఓడలు, ఆవిరి ఓడలు వచ్చి మిగిలిన పనిని మింగేశాయి.

రాయి మిగిలింది, చెక్క పోయింది. చెక్కతోపాటు దాన్ని చెక్కిన చేతుల జ్ఞాపకమూ పోయింది. మిగిలిన రాతిని చూపించి ఇదే మీ చరిత్ర అంటున్నారు. సుల్తాను మిగిలాడు. సరంగు పోయాడు.

అయితే ఆ చేతులు ఒకచోట ఆనవాలు వదిలాయి. మీరు రోజూ మాట్లాడే తెలుగులో. ఇంట్లో మీరు నడిచే గచ్చు పారసీ మాట. వడ్రంగి చేతిలోని రందా పారసీ. మచిలీపట్నానికి మీరు ముద్దుగా పెట్టుకున్న బందరు అనే పేరు, రేవు అనే అర్థమున్న పారసీ మాటే. లంగరు పారసీ. సరంగు, కళాసి కూడా ఆ దారిన వచ్చినవాళ్లే. అచ్చ తెలుగనిపించే చుక్కాని అరబ్బీలోని సుక్కాన్. ఇటు నుంచీ మాటలు వెళ్లాయి. అరబ్బులు కొబ్బరికాయను నార్జీల్ అంటారు. అది మన నారికేళమే. మేస్త్రీ పోర్చుగీసు నుంచి వచ్చాడు. అతణ్ణి ఎవరూ పొమ్మనలేదు.

ఈ మాటల్ని ఏ సుల్తానూ ఫర్మానా వేసి రుద్దలేదు. ఫర్మానాతో వచ్చిన దఫ్తరు మాటలు వేరు. ఇవి ఒకే పలకకు రెండువైపులా నిలబడి మేకు కొట్టినవాళ్లు ఒకరి నోటి నుంచి ఒకరు తీసుకున్నవి. మీరెక్కడి నుంచి వచ్చారని మమ్మల్ని అడిగేవాళ్లు ముందు తమ నోట్లోని చుక్కానిని అడగాలి. మా నవాబుల గొప్పలు చెప్పుకునే మావాళ్లు కూడా, గానుగ చుట్టూ తిరిగిన ఎద్దును తోలిందెవరో ఒకసారి ఆలోచించాలి.

2019 మే నెలలో చార్మినార్ మినార్ నుంచి కొంత సున్నపు పూత ఊడి కింద పడింది. దాన్ని బాగుచేయడానికి మళ్లీ సున్నమే కావాల్సి వచ్చింది. అలాంటి గోడకు సిమెంటు పూస్తే చెమ్మ లోపలే నిలిచి పాత రాయి దెబ్బతింటుంది. ఆ సున్నం కలపడం తెలిసిన చేతులు ఇంకా కొన్ని ఉన్నాయి. చరిత్ర రాసేవాళ్లు ఈసారైనా వాళ్ల పేర్లు అడిగి రాసుకోవాలి.