తెల్లకార్డు దవాఖాన మెట్లెక్కిన కథ

గుండె ఆపరేషన్ అంటే అప్పట్లో మా మిర్యాలగూడ వైపు డాక్టర్ కన్నా ముందు ఎమ్మెల్యే లెటర్ గుర్తొచ్చేది. హైదరాబాద్ దవాఖాన రాసిచ్చిన ఎస్టిమేషన్, తెల్లకార్డు జిరాక్సు, ఆ లెటర్ పట్టుకొని సీఎం రిలీఫ్ ఫండ్ కోసం తిరగాలి. డబ్బు మంజూరయ్యేలోగా ఎకరమో, పుస్తెలతాడో పోయేది. ఒక్కోసారి మనిషే పోయేవాడు.

ఆ అర్జీల గుట్టలోంచే ఆరోగ్యశ్రీ పుట్టింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి స్వయానా డాక్టరు, పులివెందులలో ప్రాక్టీసు చేసినవారు. అర్జీల్లో మళ్లీ మళ్లీ కనిపించేవి గుండె, కిడ్నీ, క్యాన్సర్ వంటి పెద్ద జబ్బులే. అడిగినవాళ్లకు దయతలిచి ఇచ్చే బదులు, పేద కుటుంబాలన్నిటి తరఫునా సర్కారే ప్రీమియం కట్టేస్తే? 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో పథకం మొదలైంది. మూడూ వలసల జిల్లాలే. ఆ డిసెంబరులో రెండో విడతగా మా ఉమ్మడి నల్లగొండకు వచ్చింది. 2008 జూలై నాటికి రాష్ట్రమంతా పాకింది. కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, చాలకపోతే ఇంకో 50 వేలు. అదే ఏడాది కేంద్రం తెచ్చిన బీమా పథకం ఆర్‌ఎస్‌బీవైలో ఇచ్చింది 30 వేలే. మొదట స్టార్ హెల్త్ బీమా కంపెనీ ద్వారా నడిచింది, తర్వాత చేర్చిన చికిత్సలకు ఆరోగ్యశ్రీ ట్రస్టే నేరుగా డబ్బు కట్టింది.

దవాఖాన గుమ్మంలో రోగులకు సాయంగా ఉండే పథకం ఉద్యోగి, ఆరోగ్యమిత్ర బల్ల ఉంటుంది. ప్లాస్టిక్ కవర్లోంచి కార్డు తీసి ఆ బల్ల మీద పెట్టి, కంప్యూటర్ వంకే చూస్తూ నిలబడతారు. "అప్రూవల్ వచ్చిందా సార్?" ఆ ఒక్క మాట కోసం ఇల్లంతా ఎదురుచూస్తుంది. డిశ్చార్జి రోజు దారిఖర్చులు కూడా చేతిలో పెట్టాలని పథకంలోనే రాశారు. పేదవాడికి ఇంత మర్యాద ఇచ్చిన పథకాలు మన దగ్గర తక్కువ.

కానీ లోటు పుట్టుకలోనే ఉంది. పెద్ద జబ్బుల అర్జీల్లోంచి వచ్చింది కాబట్టి పెద్ద జబ్బునే చూసింది. బీపీ మాత్రకు, షుగర్ పరీక్షకు, జ్వరానికి కార్డు పనికిరాదు. మాత్ర మానేసి పక్షవాతం వస్తే మాత్రం చికిత్సకు చెల్లిస్తుంది! డబ్బు ప్రైవేటు దవాఖానలకు మళ్లింది. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లపై గగ్గోలు పుడితే వాటిని సర్కారు దవాఖానలకే పరిమితం చేయాల్సి వచ్చింది. బకాయిలు పేరుకున్నప్పుడల్లా ఆగేది రోగి వైద్యమే. 2019 ఆగస్టులోనూ, 2025 సెప్టెంబరులోనూ తెలంగాణలో ప్రైవేటు దవాఖానలు ఆరోగ్యశ్రీ సేవలు నిలిపేశాయి.

2014లో రాష్ట్రం విడిపోయి ట్రస్టులు రెండయ్యాయి. హైదరాబాద్ కన్నా విజయవాడ దగ్గరైన కోదాడకు రాష్ట్రాల సరిహద్దు గీత దగ్గర్లోనే పడింది. 2018లో కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి 5 లక్షలంటే, తెలంగాణ 2021లో గానీ అందులో చేరలేదు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలైంది.

నా దృష్టిలో అంతకన్నా పెద్ద వార్త 2019లో సూర్యాపేటలో సర్కారు మెడికల్ కాలేజీ తెరవడం. బీమా బిల్లు కడుతుంది, డాక్టర్ని తయారు చేయలేదు. పాలకులకు నేను చెప్పేది రెండే మాటలు: దవాఖానల బకాయిలు గడువులోగా కట్టండి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో బీపీ, షుగర్ మాత్రలు నెలనెలా తప్పకుండా చేతికందేలా చూడండి.